పరాయి పతకం పుచ్చుకోవచ్చా?

(సంవాదం. ఒకరు కేంద్ర సర్వీసుల్లో పనిచేసి రిటైరైన అధికారి. మరొకరు హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది.)

విశ్రాంత అధికారి: నా అభిప్రాయం ముందే చెప్పేస్తానమ్మా. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరూ పరాయి ప్రభుత్వం ఇచ్చే పతకం పుచ్చుకోకూడదు. ఇక ధరించడమన్న మాటే లేదు. లంచానికైతే ఆనవాలు ఉంటుంది. ఏసీబీ వాళ్లు పొడి పూసిన నోట్లు పంపుతారు. తీసుకున్నవాడి వేళ్లు సోడా ద్రావణంలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. గౌరవానికి అలాంటి పరీక్ష లేదు. నలుగురిలో నిలబెట్టి, మన సేవను పొగిడి, మెడలో రిబ్బను వేసిన దేశానికి వ్యతిరేకంగా రేపు ఫైలు మీద నోట్ రాయాల్సి వస్తే కలం కాస్త వెనకాడుతుంది. నిజాయితీపరుడికీ వెనకాడుతుంది. ఆ తటపటాయింపు ఏ ఆడిట్‌లోనూ దొరకదు.

న్యాయవాది: మీ భయం ఉత్తదని నేననను సార్. అయితే రాజ్యాంగం ఆ భయానికి ఏం విరుగుడు చెప్పిందో ముందు చూద్దాం. 18వ అధికరణంలో నాలుగు క్లాజులున్నాయి. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదని మొదటిది. భారత పౌరుడెవరూ విదేశీ రాజ్యం నుంచి బిరుదు స్వీకరించకూడదని రెండోది. దానికి మినహాయింపే లేదు. మన దగ్గర పదవిలో ఉన్న విదేశీయుడు రాష్ట్రపతి సమ్మతితోనే బిరుదు తీసుకోవాలని మూడోది. పదవిలో ఉన్నవారెవరైనా సరే, విదేశీ రాజ్యం నుంచి కానుక గానీ ప్రతిఫలం గానీ పదవి గానీ రాష్ట్రపతి సమ్మతి లేకుండా తీసుకోకూడదని నాలుగోది. అంటే బిరుదుకు దారి పూర్తిగా మూశారు. కానుకకు సమ్మతి అనే దారి ఉంచారు. పేరుకు ముందో వెనకో చేరని పతకం ఈ రెండో కోవలోకే వస్తుందని నా వాదన. రాజ్యాంగం తెరిచి ఉంచిన దారిని మీరు మూసేయమంటున్నారు.

విశ్రాంత అధికారి: ఆ అధికరణం పుట్టిన చోటికి వెళ్దాం. తెల్లవాళ్లు ఈ దేశాన్ని తుపాకులతో మాత్రమే ఏలలేదు. రావు సాహెబ్, రావు బహదూర్, దివాన్ బహదూర్, సర్ అంటూ మెట్లు కట్టి, ఒక్కో మెట్టు మీద ఒక్కో పెద్దమనిషిని నిలబెట్టారు. పై మెట్టు మీద ఆశ ఉన్నవాడు కలెక్టరు దొర మనసు నొప్పించడు. అందుకే సహాయ నిరాకరణ పిలుపులో బిరుదులు వదులుకోవడం ఒక ముఖ్యమైన అంశమైంది. జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ 'సర్' బిరుదు వద్దన్నారు. 1920 ఆగస్టు 1న గాంధీజీ కైజర్-ఇ-హింద్ బంగారు పతకాన్నీ, బోయర్, జూలూ యుద్ధాల్లో చేసిన సేవకు వచ్చిన పతకాలనూ వైస్రాయికి తిప్పి పంపారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు వరద బాధితులకు చేసిన సేవకు వచ్చిన కైజర్-ఇ-హింద్ పతకాన్ని వెనక్కి ఇచ్చేశారు. పతకం ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడి మీద ఎలాంటి పట్టు దొరుకుతుందో ఆ తరానికి అనుభవం మీద తెలుసు.

న్యాయవాది: ఆ ఉదాహరణలు నా వాదనకూ పనికొస్తాయి సార్. గాంధీజీ, సరోజినీదేవి ఆ పతకాలను మొదట పుచ్చుకున్నారు. గాయపడ్డవాళ్లను మోసినందుకు, నీట మునిగినవాళ్లను ఆదుకున్నందుకు వచ్చాయవి. పుచ్చుకున్నంత మాత్రాన వాళ్ల నోరు మూతపడిందా? ఇచ్చినవాడు అన్యాయానికి దిగినప్పుడు అదే పతకం నిరసన తెలపడానికి సాధనమైంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారికి 1893లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. వితంతు వివాహాలు ఆయన ఆ బిరుదు కోసం జరిపించలేదు. లొంగేవాడు పతకం లేకపోయినా లొంగుతాడు. నిలబడేవాణ్ణి పతకం వంచలేదు.

విశ్రాంత అధికారి: మహానుభావులను కొలతగా పెట్టుకుని నియమాలు రాయకూడదమ్మా. గాంధీజీకి ప్రవర్తనా నియమావళి అక్కర్లేదు. కేంద్ర ఉద్యోగులకు 1964లో, అఖిల భారత సర్వీసులకు 1968లో వచ్చిన కాండక్ట్ రూల్స్ నాలాంటి మామూలు మనుషుల కోసం రాసినవి. వాటిలో సన్మానాలకు కూడా ఒక రూలుంది. ముందస్తు అనుమతి లేనిదే ఉద్యోగి తన గౌరవార్థం జరిగే సభకు వెళ్లకూడదు, అభినందన పత్రం తీసుకోకూడదు. బదిలీ మీద వెళ్లేవాడికి తోటివాళ్లు ఇంటి మనుషుల్లా చేసే వీడ్కోలు విందుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఊళ్లో కప్పే శాలువాకే అనుమతి అడిగే రూలు, పరాయి ప్రభుత్వం వేసే పతకం దగ్గర మెత్తబడాలా? మన తెలుగువాళ్లకు సన్మానాల మీద మక్కువ ఎక్కువ. వేదిక, పూలదండ, శాలువా, మెమెంటో, పేరు ముందు ఒక బిరుదు. సినిమా టైటిళ్లలో పేరు ముందు పద్మశ్రీ వేసుకున్నారన్న ఫిర్యాదు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. గౌరవం మనిషికి ఎంత తొందరగా హోదా అయిపోతుందో చూడండి.

న్యాయవాది: ఆ ఫిర్యాదుకు ఆధారం 1995 డిసెంబరు 15న బాలాజీ రాఘవన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు. భారతరత్న, పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. వాటిని రద్దు చేయాలని ఆచార్య కృపలానీ 1969లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, నెగ్గలేదు. 1977లో జనతా ప్రభుత్వం ఆపేసింది. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం మళ్లీ మొదలుపెట్టింది. ఇంత పోరు నడిచాక కోర్టు ఒక గీత గీసింది. ఈ పురస్కారాలు బిరుదులు కావు కనుక 18వ అధికరణానికి విరుద్ధం కావు. కానీ గ్రహీత వాటిని పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించుకోకూడదు. మనిషి చేసిన పనిని గుర్తించడం తప్పు కాదు, ఆ గుర్తింపును హోదాగా వాడుకోవడమే తప్పు. విదేశీ పతకానికీ ఆ గీతే చాలు.

విశ్రాంత అధికారి: చాలదు. ఆ తీర్పు మన రాజ్యం ఇచ్చే పురస్కారాల గురించి. సొంత రాజ్యం మెచ్చుకుంటే ఉద్యోగి విధేయత రెండుగా చీలదు. పరాయి రాజ్యం మెచ్చుకుంటే చీలే ప్రమాదం ఉంది. పైగా విదేశీ గౌరవాలు చాలావరకు 'ఆర్డర్' అనే వ్యవస్థలో ఉంటాయి. అందులో నైట్, కమాండర్, గ్రాండ్ క్రాస్ అని అంతస్తులు ఉంటాయి, గ్రహీతను సభ్యుడిగా చేర్చుకుంటారు. అది మన పద్మశ్రీ కన్నా పాత కాలపు 'సర్'కే దగ్గరి చుట్టం. ఇంకో సంగతి. మన పద్మ పురస్కారాల నిబంధనల్లో డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు అర్హులు కారని ఉంది. ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకూ అంతే. సర్వీసులో ఉండగా సొంత దేశమే ఇవ్వని గౌరవాన్ని పరాయి దేశం చేతి నుంచి అందుకోవడం ఏం సబబు?

న్యాయవాది: అయితే సైనికుడి ఛాతీ వైపు చూడండి సార్. నంద్ సింగ్‌కు 1944లో బర్మా యుద్ధరంగంలో చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ వచ్చింది. స్వతంత్ర భారతం కోసం పోరాడుతూ 1947 డిసెంబరులో కాశ్మీర్‌లోని ఉరీ దగ్గర ప్రాణాలిచ్చాడు. మరణానంతరం మహావీర్ చక్ర వచ్చింది. ఒక్క మనిషికి రెండు రాజ్యాల పతకాలు. ఆయన విధేయత ఎక్కడ చీలింది? ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో పనిచేసి వచ్చిన మన జవాన్లను చూడండి. 2007లో లైబీరియా వెళ్లిన సీఆర్పీఎఫ్ మహిళా దళం ఆ తరహా మహిళా పోలీసు దళాల్లో ప్రపంచంలోనే మొదటిది. సమితి పతకం కంచుది. ఒకవైపు సమితి చిహ్నం, వెనకవైపు శాంతి సేవలో అన్న అర్థం వచ్చే అక్షరాలు ఉంటాయి. మిషన్‌ను బట్టి రిబ్బను రంగులు మారతాయి. ఆ ఆడపిల్లలు దాన్ని యూనిఫాం మీద పెట్టుకుంటే దేశం తల దించుకోవాలా? 1971 యుద్ధంలో చనిపోయిన మన సైనికుల కుటుంబాలను బంగ్లాదేశ్ ప్రధాని 2017 ఏప్రిల్‌లో ఢిల్లీలో గౌరవించారు. ఆ తల్లుల చేతుల్లోని జ్ఞాపికను ఏ నియమం పేరు చెప్పి వద్దంటారు?

విశ్రాంత అధికారి: వద్దననమ్మా, ఎవరూ అనకూడదు. కానీ మీరు చెప్పిన మూడూ నా నియమం పరిధిలోకి రావు. విక్టోరియా క్రాస్ వచ్చిన నాటికి నంద్ సింగ్ కొలువు చేస్తున్నది ఆ ప్రభుత్వం దగ్గరే. ఐక్యరాజ్యసమితి విదేశీ రాజ్యం కాదు. మన ప్రభుత్వం సభ్యదేశంగా నిర్ణయం తీసుకుని తన జవాన్లను తనే పంపింది. అమరుల కుటుంబాలు ఏ పదవిలోనూ లేవు. ఇక ముందు కూడా, కాల్పుల మధ్య చూపిన సాహసానికో, శిథిలాల కింద నుంచి మనుషుల్ని బయటికి తీసినందుకో ఒక దేశం పతకం ఇస్తే నేను అడ్డు చెప్పను. అలాంటి పని అందరి కళ్ల ముందూ జరుగుతుంది. దాన్ని ముందుగా మాట్లాడుకుని కొనలేరు. నేను భయపడేది ఆ జవాన్ గురించి కాదు, ఏసీ గదిలో ఉన్న నాలాంటివాడి గురించి. ఒక కొనుగోలు కమిటీలో నలుగురు కూర్చున్నారు. బిడ్ వేసిన కంపెనీల్లో ఒకటి ఫ్రాన్స్‌ది. ఫ్రాన్స్ లెజియన్ ఆఫ్ ఆనర్ అందుకున్నవాళ్లు మామూలు కోటు వేసుకున్నప్పుడు కాలర్ మడత మీది బొత్తాం కన్నంలో సన్నని ఎర్ర రిబ్బను పెట్టుకుంటారు. చూపు పడితే తప్ప కనబడదు. ఆ కమిటీలో ఒకరి కోటు మీద ఆ ఎర్ర గీత ఉందనుకోండి. ఆయన నిప్పులాంటి మనిషే కావచ్చు. ఓడిపోయిన రెండో కంపెనీ దాన్ని చూసి ఏమనుకుంటుంది? పన్ను కట్టిన పౌరుడు ఏమనుకోవాలి?

న్యాయవాది: కమిటీ ఉదాహరణ దగ్గర మీతో నేను గొడవ పడను. ఒక దేశంతో బేరం నడుపుతున్నవాడు ఆ దేశం పతకం తీసుకోకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క కుర్చీ కోసం మిగతా లక్షల కుర్చీలకు నిషేధం ఎందుకు? పైగా మీ నియమం పైవాళ్ల దాకా వెళ్తుందా? సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సంగతే తీసుకోండి. 1931లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు 'సర్' ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఆ మాట వాడుకోవడం మానేశారు. రాష్ట్రపతిగా ఉండగా 1963లో బ్రిటన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో గౌరవ సభ్యత్వం అందుకున్నారు. ఎవరి సమ్మతి కావాలని రాజ్యాంగం అంటోందో ఆయనే గ్రహీత. సౌదీ, ఫ్రాన్స్, రష్యా, భూటాన్ సహా ఎన్నో దేశాల అత్యున్నత పురస్కారాలు ఇప్పటి ప్రధానికి వచ్చాయి. జపాన్ తన పెద్ద పురస్కారాల్లో ఒకటి మన్మోహన్ సింగ్ గారికి ఇచ్చింది. అవన్నీ దేశానికి దక్కిన గౌరవమని మురుస్తాం. అదే గౌరవం ఒక జాయింట్ సెక్రటరీకి వస్తే అనుమానం ఎందుకు?

విశ్రాంత అధికారి: దేశాధినేతకు ఇచ్చేది రాజ్యం రాజ్యానికి చేసే మర్యాద. కెమెరాల ముందు జరుగుతుంది, మర్నాడు పత్రికల్లో వస్తుంది. నచ్చకపోతే ప్రతిపక్షం నిలదీస్తుంది, ఓటరు తీర్పు చెబుతాడు. జాయింట్ సెక్రటరీని నిలదీసేవారు ఎవరు? ఆయన పేరే జనానికి తెలియదు. అయినా మీ ప్రశ్నలో పస ఉంది. అటెండరు నుంచి సెక్రటరీ వరకు ఒక ధర్మం, ఆ పైన ఇంకో ధర్మం అంటే కింది ఉద్యోగి ఏ నియమాన్నీ మనస్ఫూర్తిగా గౌరవించడు. నిషేధం అని నేనన్నప్పుడు అది మంత్రులకూ వర్తించాలి. మర్యాద కోసం అందుకోక తప్పని పతకాన్ని ప్రభుత్వానికి అప్పగించాలి. విదేశీ కానుకలు చేర్చే తోషాఖానా ఉన్నది అందుకే.

న్యాయవాది: అందుకోక తప్పని అన్నారు, సంతోషం. ఇచ్చే గౌరవాన్ని కాదనడం ఎన్నో దేశాల్లో అవమానం కింద లెక్క. నేపాల్‌తో మన సంప్రదాయం చూడండి. 1950లో జనరల్ కరియప్పతో మొదలై, మన సైన్యాధిపతికి నేపాల్ సైన్యంలో, వాళ్ల సైన్యాధిపతికి మన సైన్యంలో గౌరవ జనరల్ హోదా ఇస్తూ వస్తున్నారు. సర్వీసులో ఉన్న సేనాని పరాయి సైన్యపు హోదా తీసుకుంటున్నాడు. రెండు ప్రభుత్వాలూ ఎరిగి, ఒప్పుకుని, బాహాటంగా చేస్తున్న పని కనుక దానికి అర్థం స్నేహం. మీ నిషేధం అక్షరాలా అమలైతే ఈ సంప్రదాయం ఆగిపోవాలి.

విశ్రాంత అధికారి: పరస్పరం అన్న మాట దగ్గరే ఆ సంప్రదాయం బలం ఉందమ్మా. ఇద్దరూ ఇస్తారు, ఇద్దరూ తీసుకుంటారు. అది వ్యక్తికి కాదు, కుర్చీకి దక్కుతుంది. ఎవరు సైన్యాధిపతి అయినా వస్తుంది. ఒక మనిషిని ఏరి, ఆయనొక్కడికే ఇచ్చే పతకంతో దాన్ని పోల్చలేం. ఇక తోషాఖానా దగ్గర నన్ను బాధించే లొసుగు ఒకటుంది. విదేశీ ప్రముఖుల నుంచి కానుక వస్తే 30 రోజుల్లో అప్పగించాలి. మదింపులో విలువ 5,000 రూపాయలు దాటకపోతే గ్రహీతకే తిరిగి ఇచ్చేస్తారు. దాటితే పై సొమ్ము కట్టి కొనుక్కోవచ్చు. గడియారానికి, తివాచీకి, వెండి పళ్లేనికి ఈ లెక్క సరిపోతుంది. పతకంలో ఉన్న లోహం ఎంత, రిబ్బను గుడ్డ ఎంత? రూపాయల్లో చూస్తే అది చవక వస్తువు. మనసు మీద దాని బరువు లక్షల రూపాయల గడియారం కన్నా ఎక్కువ. సొమ్ముతో తూచే నియమం గౌరవం దగ్గర గుడ్డిదవుతుంది.

న్యాయవాది: ఆ లొసుగు నిజమే. దాన్ని పూడ్చే పద్ధతి అమెరికాలో ఉంది. 1787లో రాసిన వాళ్ల రాజ్యాంగం ఈ విషయంలో సమ్మతిని అధ్యక్షుడికి కాకుండా కాంగ్రెస్‌కు అప్పగించింది. 1966లో చట్టం వచ్చింది. యుద్ధరంగంలో చేసిన సేవకో, అసాధారణమైన ప్రతిభకో విదేశీ ప్రభుత్వం పతకం ఇచ్చినప్పుడు, ఉద్యోగి పనిచేసే శాఖ ఆమోదిస్తే ఉంచుకోవచ్చు, ధరించవచ్చు. ఆమోదించకపోతే అది అమెరికా ప్రభుత్వ ఆస్తి. కాదంటే అవతలివాళ్లు నొచ్చుకుంటారన్న కానుకను దేశం తరఫున తీసుకుని అప్పగిస్తారు. అక్కడి ఫెడరల్ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్లు కూడా ఈ నియమం కిందే పనిచేస్తున్నారు. ఎందుకిచ్చారు అని అడుగుతుంది ఆ చట్టం, ఎంత ఖరీదు అన్న దగ్గర ఆగదు. మనకు కావలసింది ఇదే.

విశ్రాంత అధికారి: శాఖ ఆమోదం అంటే చివరికి ఏమిటి? మన దగ్గర రాష్ట్రపతి సమ్మతి అంటే మంత్రివర్గం సలహా. ఆ సలహా ఒక ఫైలు. ఆ ఫైలు కదిపేది పై అధికారి. తనకు నచ్చినవాడికి రెండు రోజుల్లో అనుమతి వస్తుంది. నచ్చనివాడి కాగితం ఆరు నెలలు బీరువాలో పడి ఉంటుంది. అనుమతి అనేదే ఒక వరంగా మారుతుంది. అప్పుడు ఉద్యోగి రెండు చోట్ల రుణపడతాడు, పతకం ఇచ్చిన దేశానికి ఒకసారి, అనుమతి ఇచ్చిన దొరకు ఒకసారి. పూర్తి నిషేధంలో ఒక సుఖం ఉంది. అందరికీ ఒకటే జవాబు.

న్యాయవాది: ఇక్కడ నా వాదనలోనే ఒక బలహీనత ఉందని చెప్పాలి. సొంత ప్రభుత్వానికి నచ్చని మంచి ఉద్యోగికి కొన్నిసార్లు బయటి గుర్తింపే అండ. ఫిలిప్పీన్స్‌లోని రామన్ మెగసెసే పురస్కారం విదేశీ రాజ్యం ఇచ్చేది కాదు, ఒక సంస్థ ఇచ్చేది. కనుక 18వ అధికరణం కిందికి రాదు. దాన్ని 1994లో కిరణ్ బేడీ ఐపీఎస్ అధికారిగా ఉండగానే అందుకున్నారు. అవినీతిని బయటపెట్టి బదిలీలు, విచారణలు ఎదుర్కొన్న అటవీ సర్వీసు అధికారి సంజీవ్ చతుర్వేదికి 2015లో వచ్చింది. ప్రతి బయటి గౌరవానికీ పై అధికారి సంతకం కావాలంటే, ఇలాంటివాళ్ల దగ్గరే ఆ సంతకం ఆలస్యమవుతుంది. మీరన్నట్టు సమ్మతి వరమూ కావచ్చు, శిక్షా కావచ్చు. దానికి మందు నిషేధం కాదంటాను. నిషేధం ఉంటే ఆ ఉద్యోగికి ఆ అండా ఉండదు.

విశ్రాంత అధికారి: సంస్థల పురస్కారాలను ప్రభుత్వాలు ఇచ్చే పతకాలతో కలపొద్దు. వాటికి కూడా నియమాలున్నాయి. ఇచ్చే సంస్థకు మచ్చ లేని పేరుండాలి, డబ్బు ముట్టకూడదు, ముందు అనుమతి కావాలి. అవి అవసరమే. రుసుము కట్టించుకుని విదేశీ హోటల్లో అంతర్జాతీయ అవార్డు చేతిలో పెట్టే సంస్థలు తక్కువేం లేవు. కానీ మీరు చెప్పిన నిజాయితీపరుడి బాధ నాకు అర్థమవుతోంది. ఆయనకు అండ కావాలి. ఆ అండ పరాయి ప్రభుత్వం నుంచి రావలసిన గతి పడితే అది మన వ్యవస్థకు చిన్నతనం. ఇక్కడ మన కోర్టులు, మన చట్టసభలు, మన ప్రజలు ఆయన పక్కన నిలబడాలి.

న్యాయవాది: నిలబడాలి, నిజమే. నిలబడేదాకా ఆయనేం చేయాలన్నదే ప్రశ్న. ఆ మాట అలా ఉంచి ధరించడం దగ్గరికి వస్తాను. పుచ్చుకున్నా సరే, పెట్టుకోకూడదని చాలామంది మధ్యేమార్గం చెబుతారు. నాకది తలకిందులుగా కనిపిస్తుంది. ఛాతీ మీద ఉన్న పతకాన్ని పది మంది చూస్తారు. ఈయనకు ఫలానా దేశంతో అనుబంధం ఉందని ఎదుటివాడికి తెలుస్తుంది, అడగదలచినవాడు అడుగుతాడు. బీరువాలో దాచిన పతకం ఎవరికీ కనబడదు, దాని రుణం మాత్రం మనసులో అలాగే ఉంటుంది. ప్రమాదం కనిపించే పతకంలో ఎక్కువా, దాచిన పతకంలోనా?

విశ్రాంత అధికారి: దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదమ్మా. దాచింది మరీ ప్రమాదం, ఒప్పుకుంటాను. అయితే ధరించడంలో ఇంకో చిక్కుంది. యూనిఫాం గానీ అధికారిక దుస్తులు గానీ మనిషి సొంతం కాదు, రాజ్యానిది. దాని మీద ఏది ఉండాలో, ఏ వరసలో ఉండాలో రాజ్యమే చెప్పాలి. సొంత దేశపు పతకాల తర్వాతే పరాయివి రావాలి. సరిహద్దు చర్చల బల్ల దగ్గర ఒక దేశపు పతకంతో కూర్చున్న మన అధికారిని చూసి, ఆ దేశానికి పడని పొరుగువాడు ఏమని అర్థం చేసుకుంటాడు? కాలం కూడా మారుతుంది. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపంలో మన ఎన్డీఆర్ఎఫ్ బృందాలు శిథిలాల్లోంచి మనుషుల్ని కాపాడాయి. రెండేళ్లు తిరిగేసరికి, 2025లో పాకిస్తాన్‌తో ఘర్షణ వచ్చినప్పుడు, టర్కీ అటువైపు నిలబడింది. ఆ సహాయానికి ఒక జవాన్‌కు వాళ్లు పతకం ఇచ్చి ఉంటే, ఈ రోజు అతను దాన్ని పెట్టుకోవాలా, తీసేయాలా?

న్యాయవాది: పెట్టుకోవాలి సార్. అతను కాపాడింది ఆ దేశపు విదేశాంగ విధానాన్ని కాదు, ఇటుకల కింద ఊపిరాడని మనిషిని. గాంధీజీ పతకాలు వెనక్కి పంపింది ప్రభుత్వం ఆజ్ఞాపించినందుకు కాదు, తన మనస్సాక్షి చెప్పినందుకు. పెట్టుకోవడం, తీసేయడం ఆ జవాన్ మనస్సాక్షికే వదిలేయండి. ప్రభుత్వాల స్నేహం మారినప్పుడల్లా జవాన్ ఛాతీ మీద చెయ్యి వేస్తే, అతని సాహసాన్ని మనమే దౌత్యానికి వాడుకున్నట్టవుతుంది.

విశ్రాంత అధికారి: జవాన్ విషయంలో మీ మాటే నా మాట. అధికారి విషయంలో నా మాట మారదు. మీరు చట్టం రాయాల్సి వస్తే ఏం రాస్తారు?

న్యాయవాది: నాలుగు అంశాలు రాస్తాను. సమ్మతి అడిగిన అరవై రోజుల్లో అవుననో కాదనో కారణంతో సహా చెప్పాలి. ఇచ్చిన ప్రతి సమ్మతినీ, కాదన్న ప్రతి దరఖాస్తునూ జాబితాగా వేసి ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. తోషాఖానాకు చేరిన కానుకల వివరాలు విదేశాంగ శాఖ ఇప్పటికే ప్రకటిస్తోంది కదా, పతకాలకూ అదే పద్ధతి పెట్టాలి. పతకం తీసుకున్నవాళ్లు ఆ దేశంతో ముడిపడిన ఫైళ్లకు కొన్నేళ్లు దూరంగా ఉండాలి. మంత్రులకైనా గుమస్తాకైనా ఇదే వర్తించాలి.

విశ్రాంత అధికారి: ఆ నాలుగూ ఉంచి నేను ఇంకొకటి కలుపుతాను. యుద్ధం, విపత్తు, వైద్యం, విజ్ఞానశాస్త్రం, ఈ నాలుగు రంగాలు తప్ప మిగతా సర్వీసుల్లో ఉన్నవాళ్లు రిటైరయ్యేదాకా ఆగాలి. ఇస్రోకు అధ్యక్షుడిగా చేసి దిగిన తర్వాత 2019లో కిరణ్ కుమార్ గారికి ఫ్రాన్స్ పురస్కారం ప్రకటించింది. ఆయన ప్రతిభకు ఆ ఆలస్యం వల్ల తరుగు రాలేదు. నిజమైన మెప్పు అయితే నాలుగేళ్లు ఆగినా మెప్పుగానే ఉంటుంది. ఆగలేని మెప్పును అనుమానించడం మన హక్కు.

న్యాయవాది: ఆ అయిదోదాని దగ్గర మన దారులు వేరు. మంచి పనికి గుర్తింపు ఆ పని చేస్తున్న రోజుల్లోనే రావాలంటాను నేను. అయినా దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది మనిద్దరం కాదు, ప్రజాప్రతినిధులు తేల్చాలి. 18వ అధికరణం మీద రాజ్యాంగ సభలో చర్చ 1948 డిసెంబరు 1న జరిగింది. ఈ నిషేధాన్ని మీరినవాళ్లను ఏం చేయాలో పార్లమెంటు చట్టంతో చెప్పవచ్చని అంబేద్కర్ ఆనాడే సభలో వివరించారు. అధికరణంలో మాత్రం శిక్ష లేదు.

విశ్రాంత అధికారి: కాబట్టి మనిద్దరి తరఫునా అడగవలసింది ఒక్కటే. నిషేధం కావాలన్న నాకూ, సమ్మతి చాలన్న మీకూ ముందు ఆ చట్టం కావాలి. ఏ అధికారికి ఏ దేశం ఏ పతకం ఇచ్చింది, ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు పౌరుడికి అడగకుండానే అందాలి. మీ నియోజకవర్గం ఎంపీ ఎదురుపడితే రోడ్డు, రైలుతో పాటు ఈ మాట కూడా అడగండి.